నాలుగక్షరాలు

ఎల్లారెడ్డి దాటి అడవి మొదలయ్యేసరికి ల్యాప్‌టాప్‌కు గుచ్చిన ఇంటర్నెట్ డేటా కార్డు మీది పచ్చ దీపం ఆరిపోయింది. ఆరితే ఆరింది లెమ్మని నిరోష ల్యాప్‌టాప్ మూత సగం దించి ఒళ్ళో పెట్టుకుంది. చేయాల్సిన పని ఎలాగూ చేసేసింది, ఇక దీపం వెలిగితేనేం వెలగకపోతేనేం, పావుగంట కింద బస్టాండులో బస్సు కదలకముందే తన వేళ్ళతో తనే కొట్టింది, మొదట దేశం బయటి నుంచి సైటుకు వచ్చే దారులన్నీ మూసేసింది, ఆ తర్వాత సర్వర్లోకి వెళ్ళే హక్కున్నవాళ్ళ జాబితాలోంచి మార్కండేయ అన్న పేరు తీసేసింది, రెండూ కలిపి రెండు నిమిషాల పని, ఒక మనిషిని తీసేయడం ఇంత తేలికా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే కానీ ఆ క్షణం ఎక్కువసేపు నిలబడలేదు, ఎందుకంటే అప్పటిదాకా మంచాన పడి మూలుగుతున్న సైటు లేచి పరుగెత్తింది. పేజీ రావడానికి రెండు నిమిషాలు పట్టేది కాస్తా రెప్ప వేసి తెరిచేలోగా వస్తోంది. దొంగను బయటికి నెట్టి తలుపు వేస్తే ఇల్లు నిమ్మళించినట్టే కదా ఇది, ఇంకేం రుజువు కావాలి, అనుకుంది నిరోష, అనుకున్న వెంటనే మళ్ళీ రుజువులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. చాలినన్ని దొరికాయన్న మనిషి ఇంకా ఎందుకు వెతుక్కుంటోందో ఆమెను అడిగేవాళ్ళు ఆ బస్సులో లేరు.

ఇరవై నాలుగేళ్ళ ఈ పిల్ల పనిచేసేది కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ దుకాణం మీది రెండు గదుల ఆఫీసులో. మనుషులు ముగ్గురే, యజమాని లింబాద్రి సార్, పని తెలిసిన మార్కండేయ, ఆయన దగ్గర పని నేర్చుకున్న నిరోష. ఉత్తరాన నాలుగు జిల్లాల పదో తరగతి ఫలితాలు చూపించే వెబ్‌సైటు వాళ్ళది. ఏడాదిలో మూడొందల అరవై నాలుగు రోజులు దాని మొహం చూసేవాడు ఉండడు, మిగిలిన ఆ ఒక్కరోజు మాత్రం జాతర, లక్షలమంది ఒక్కసారే గుమ్మంలోకి తోసుకొస్తారు. ఆ రోజు మొరాయించిందంటే జనం ఇంకో సైటుకు పోతారు, పోయినవాళ్ళు మళ్ళీ రారు, రెండు గదులకూ తాళం పడుతుంది, తాళం పడితే నిరోష మళ్ళీ ఎల్లారెడ్డిలో అమ్మ గంగాబాయి పక్కన చాట ముందేసుకుని బీడీలు చుట్టాలి. ఆ రోజు ఈ రోజే. సాయంత్రం నాలుగింటికి వస్తాయన్న ఫలితాలు ఉన్నట్టుండి పొద్దున పదకొండుకే వస్తాయన్నారు. అదీ ఒక రుజువే, నిన్న సాయంత్రం ఆఫీసు మెట్లు దిగుతుంటే మార్కండేయ ఏమన్నాడు, రేపు నాలుగింటికే గద చెల్లె, మెల్లగ రా, మీ బాపును జర దవాఖానకు చూపించి రా అన్నాడు, ఎంత ప్రేమగా అన్నాడు, ఆ ప్రేమ వెనక ఏముందో ఇప్పుడు కదా తెలుస్తోంది, తను ఆఫీసులో ఉండకూడదని కదా. ముప్పై ఏళ్ళు దాటిన సదాశివనగర్ మనిషి, తలెత్తి గట్టిగా మాట్లాడడు, మెత్తగా మాట్లాడేవాళ్ళను నమ్మకూడదని అమ్మ అంటూనే ఉంటుంది, అమ్మ ఎవరినీ నమ్మదు, బీడీ కార్ఖానాలో కట్టలు లెక్క చూసే మనిషిని అసలే నమ్మదు, ఇంటికొచ్చి మళ్ళీ తనే లెక్క చూసుకుంటుంది, అయినా ఫలితాల వేళ మారుతుందని మార్కండేయకు ముందే ఎలా తెలుస్తుంది, ఏమో, తెలిసేవాళ్ళకు తెలుస్తుంది.

బస్సు గతుకులో పడి లేచింది. టేకు చెట్లు ఆకు రాల్చి ఎండలో కట్టెల్లా నిలబడి ఉన్నాయి, మే నెల గాలి కిటికీలోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు మొహానికి కొడుతోంది. పదకొండు దాటి ఐదు నిమిషాలకే సైటు నత్తనడక పట్టింది. బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని లాగ్ తెరిచి చూసింది, ఎవరు ఎక్కడినుంచి వచ్చారో సర్వర్ రాసిపెట్టుకునే చిట్టా అది, కళ్ళు తిరిగాయి, సగానికి సగం దుబాయి, మస్కట్, సౌదీ, దోహా. కామారెడ్డి పిల్లల పదో తరగతి మార్కులతో దోహాకు ఏం పని. పైగా ఆ వచ్చినవాళ్ళందరూ ఒకే దారిన వస్తున్నారు, హాల్ టికెట్ నంబరు పెట్టే దారి వదిలేసి తండ్రి పేరుతో వెతికే దారిలో, తను కట్టిన దారిలో, ఒకటే పోటు. ఎవరో కావాలని కొడుతున్నారని అప్పుడే అర్థమైంది. వెంటనే ఆఫీసులో ఉన్న మార్కండేయకు ఫోన్ చేసింది.

"అన్నా, చూసినవా, సగం బయటి అడ్రసులే. మూసేద్దాం."

"ఆగు చెల్లె. చూస్తున్న."

"ఏం చూస్తున్నవ్? సైటు సస్తున్నది."

"వాళ్ళెవరో తెల్వకుండ ఎట్ల మూస్తం. మూసుడు ఒక్కటే పని కాదు. నాకు పది నిమిషాలియ్యి."

పది నిమిషాలు ఎందుకు కావాలి అతనికి, ఎవరికోసం కావాలి. తెలియకుండా మూయలేమంటున్నాడా, తెలిసే మూయనంటున్నాడా. మార్కండేయ ఫోన్ పెట్టేయగానే లింబాద్రి సార్‌కు చేసింది, సార్, నేను అనొద్దు గాని మార్కండేయ అన్న తీరు నాకు మంచిగ కొడ్తలేదు అంది, అనొద్దు గాని అంటూనే అన్నీ అంది, స్టేషన్ దగ్గర టీ బండి కాడ నిజామాబాద్ నుంచి వచ్చిన ఇంకో సైటు మనిషితో మాట్లాడుతుంటే రెండువారాల కింద కళ్ళారా చూశానంది, తను గదిలోకి రాగానే అతను స్క్రీన్ అటు తిప్పుకున్నాడంది, ఇవాళ తెల్లవారకముందే సర్వర్లోకి వెళ్ళినట్టు చిట్టాలో ఉందంది. ఐదు నిమిషాల్లో ఆయనే తిరిగి చేశాడు.

"అడిగిన నిరోషా. ఇది చేసింది ఎవరని మొకం మీదనే అడిగిన. తల దించుకొని నిలబడ్డడు, నోరు ఇప్పలే. తాళంచెయ్యి టేబుల్ మీద పెట్టి పొమ్మన్న. పెట్టి పోయిండు."

"ఒక్క మాటన్న అనలేదా సార్?"

"అనలే. ఇగ నువ్వు మూసెయ్."

తప్పు చేయనివాడు తిరగబడడా, గొంతు చించుకోడా, నేను కాదు మొర్రో అనడా. తల దించుకున్నాడట. తల దించుకోవడమంటే ఒప్పుకోవడమే, ఎల్లారెడ్డి బడిలో చిన్నప్పుడు ఎన్ని తలలు దించలేదు, అయితే ఒకసారి, ఆరో తరగతిలో కాబోలు, ప్రమీల పెన్ను తను తీయకపోయినా తనూ తల దించుకునే నిలబడింది, ఎందుకు దించిందో ఇప్పటికీ తెలియదు, అది వేరు, చిన్నతనం. మార్కండేయ చిన్నవాడా. మూడేళ్ళ కింద మొదటిరోజు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అతను ఏం చెప్పాడు, చెల్లె, సైటు ఆగిందనుకో, ముందు చేతులు ఒళ్ళె పెట్టుకో, ఐదు నిమిషాలు ఏం ముట్టకు, ఏమైతున్నదో చూడు అన్నాడు. మంచి మాటే, ఎదుటివాళ్ళ చేతులు ఒళ్ళో పెట్టించి తన చేతులతో తన పని చేసుకునేవాడికి అంతకన్నా మంచి మాట ఏముంటుంది. పోయిన ఏడు ఇదే రోజు సైటు రెండుసార్లు ఆగితే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని లేపారు, అతను తెచ్చిన మిరపకాయ బజ్జీలు చల్లారిపోయాయి, చల్లారిన బజ్జీలు తింటూ నువ్వు లేకపోతే ఇయ్యాల నా పని ఖతమే చెల్లె అన్నాడు, అప్పుడు ఎంత పొంగిపోయింది. ఆ నిజామాబాద్ మనిషి ఎవరో అప్పుడే అడిగి ఉండాల్సింది. అడిగితే అబద్ధం చెప్పేవాడు, అందుకే అడగలేదు, అడగకుండానే అబద్ధమని ఎలా తెలిసిందంటే, తెలిసింది అంతే.

అసలు అతనికి ఆ తండ్రి పేరు దారి మీద మొదటినుంచీ కన్ను. అది నిరోష సొంత ఆలోచన. ఆమె పదో తరగతి పాసైనప్పుడు బాపు గంగారాం మస్కట్‌లో తాపీపని చేస్తున్నాడు, హాల్ టికెట్ నంబరు ఆయన దగ్గర లేదు, వాళ్ళ వాడలో ఫోన్ ఉన్న ఇల్లు ఒక్కటే, ఫలితం ఆయనకు చేరేసరికి మూడు రోజులైంది, మూడు రోజులు అన్నం సయించలేదు బిడ్డా అని ఇప్పటికీ చెప్తాడు, మోకాళ్ళు అరిగి ఇంటికొచ్చి ఆరేళ్ళయినా చెప్తూనే ఉంటాడు. నంబరు తెలియకపోయినా తండ్రి తన పేరు కొడితే చాలు బిడ్డ మార్కులు రావాలని జనవరిలో కూర్చుని కట్టింది. రెండు లక్షల పైచిలుకు పేర్లలో ఒక పేరు వెతకాలంటే సర్వర్‌కు ఒక సూచిక కావాలి, పుస్తకం చివర అక్షరాల వరుసలో ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుందే, అలాంటిది. పూర్తి పేర్లతో పెడితే వాళ్ళ పాత మిషనులో చోటు చాలదని నిరోష తెలివిగా ప్రతి పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే తీసుకుంది. నాలుగక్షరాలతో ఆ వరుస దొరుకుతుంది, అక్కడినుంచి ఒక్కొక్కటే చూసుకుంటే పేరు దొరుకుతుంది. పట్నంలో, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నప్పుడు నమూనాకని ఇచ్చిన వెయ్యి పేర్లు పెట్టి పరీక్షించింది, హారిక, ప్రణీత్, శ్రావ్య, కౌశిక్, ఏది కొట్టినా వేలు తీసేలోపు వచ్చేసింది. మార్కండేయ వెనక నిలబడి చూశాడు. చూసి, మెచ్చుకోవచ్చు కదా, నాలుగక్షరాలు సాల్తయా చెల్లె, మన దిక్కు పేర్లు ఒకపారి చూడు అన్నాడు. చూస్తా అంది. చూడలేదు. శిష్యురాలి పని బాగుంటే గురువుకు కడుపులో మండుతుందని ఆ రోజే అర్థమైంది, అప్పటినుంచే ఒక కన్నేసి ఉంచింది, కన్నేసి ఉంచితే కనపడనిదంటూ ఏముంటుంది, మనిషి దగ్గినా కనపడుతుంది.

లింగంపేటలో బస్సు ఆగింది. దిగినవాళ్ళకన్నా ఎక్కినవాళ్ళు ఎక్కువ. నలభై దాటిన ఒక ఆమె తునికాకు కట్ట సీటు కిందికి తోసి, చెమట తుడుచుకుని, నిరోష పక్కన కూలబడింది. దేవవ్వ అంటారట, ఎవరూ అడగకుండానే చెప్పింది, కామారెడ్డిలో అక్క ఇంటికి పోతోందట. ల్యాప్‌టాప్ వంక కోడిపిల్లను చూసినట్టు పక్కనుంచి చూసింది. ఎందుకు చూస్తోంది, ఈమెకేం కావాలి, ఈ ఒక్క గంటలో నిరోషకు అందరి చూపులూ అలాగే ఉన్నాయి, ముందు సీటు మనిషి రెండుసార్లు వెనక్కి తిరిగాడు, కండక్టరు చిల్లర తర్వాత ఇస్తానని పోయాడు. పచ్చ దీపం వెలిగింది. మూత తెరిస్తే సైటు హాయిగా నడుస్తోంది, లింబాద్రి సార్ మెసేజీ కూడా వచ్చింది, శభాష్ అని.

"బిడ్డా, దీంట్ల పదో తరగతి వస్తదా?"

"వస్తదక్కా. పిల్లగాని నంబర్ చెప్పు."

"నంబర్ ఇంట్ల ఉన్నది. పిలగాడు అజయ్. ఆగమాగంల మర్చిపోయి వచ్చిన."

"మంచిది, తండ్రి పేరు చెప్పు. దానితోని కూడ వస్తది."

దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి పేరంటే ఆమెకు పెనిమిటి పేరు, పెనిమిటి పేరు నోటితో చెప్తుందా, నిరోష ఇంట్లో అమ్మ మాత్రం ఎన్నడైనా చెప్పిందా, రేషన్ దుకాణంలో అడిగినా నిరోష వాళ్ళ బాపు అంటుంది తప్ప. నవ్వు, సిగ్గు అయ్యాక దేవవ్వ పొడుపుకథ వేసినట్టు అడిగింది.

"బాసరల మనం దేంట్ల మునుగుతం?"

"గోదార్ల."

"గోదారి అని ఎవరంటరు బిడ్డా, మన దిక్కు ఏమంటరు?"

"గంగ."

"ఆ తల్లి పేరు ముందట. సీతమ్మ పెనిమిటి పేరు ఎనుక."

గంగారాం. మా బాపు పేరే అక్కా అంది నిరోష, అనగానే ముందు సీటు మనిషి ఈసారి పూర్తిగా వెనక్కి తిరిగి నాది గంగాధర్ అన్నాడు, మా అన్న గంగారెడ్డి అని ఇంకొకరు, చిల్లర తెచ్చిన కండక్టరు నన్నెందుకు మరుస్తున్నరు, నేను గంగన్నను అన్నాడు, బస్సు సగం నవ్వింది. నిరోషా నవ్వింది. నవ్వు మొహం మీద ఉండగానే దేవవ్వ రొంటిన దోపుకున్న ఫోను మోగింది. ఆమె తీసి విని, ఇగో, మస్కట్ కెల్లి మా ఇంటాయన, నువ్వే మాట్లాడు, నువ్వైతే చెప్తవ్ అని నిరోష చేతిలో పెట్టింది.

"అమ్మా, నేను గంగారాంను. ఇక్కడ ఇంటర్నెట్ దుకాణం కాడ కూసున్న. నా పేరు కొట్టిన. అర్ధగంట సేపు చక్రం తిరుగుడే తిరుగుడు. ఇప్పుడు మీకు అనుమతి లేదంటున్నది. మేమేం తప్పు చేసినమమ్మా?"

"మీరొక్కరేనా అన్నా అక్కడ?"

"ఎక్కడి ఒక్కణ్ణి. శుక్రవారం గద, డ్యూటీ లేదు. మొత్తం మన దిక్కోళ్ళమే, ముప్పై మంది లైన్ల ఉన్నం. గంగాధర్ ఉన్నడు, పెద్ద గంగన్న ఉన్నడు, గంగారెడ్డి ఉన్నడు. అందరం మా మా పేర్లే కొట్టినం."

కనుక్కుంటానన్నా అని ఎలాగో అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. జీ, ఏ, ఎన్, జీ. గంగారాం, గంగాధర్, గంగన్న, గంగారెడ్డి, గంగయ్య, గంగాప్రసాద్, నాలుగు జిల్లాల తండ్రుల తరం మొత్తం ఆ నాలుగక్షరాల కిందే ఉంది, ఏ ఒక్క గంగారాం తన పేరు కొట్టినా సర్వర్ ఆ వేలమందిని ఒక్కొక్కరినే లేపి మొహం చూడాలి, ముప్పైమంది కొడితే ముప్పైసార్లు, మస్కట్‌లో, దుబాయిలో, దోహాలో సెలవుపూట వరుస కట్టిన వేలమంది కొడితే ఏ మిషను మాత్రం లేస్తుంది. హారిక, ప్రణీత్, ఈ దిక్కున ఎవరి తండ్రి పేరు కౌశిక్. నాలుగక్షరాలు నేర్చిన పిల్ల నాలుగక్షరాలతోనే సరిపెట్టింది. కాదు, ఆగు, అంత తేలిగ్గా ఒప్పుకోవద్దు, ఆ టీ బండి దగ్గరి మనిషి మాట ఏమిటి, తిప్పుకున్న స్క్రీన్ మాట ఏమిటి, తెల్లవారకముందు సర్వర్లోకి ఎందుకు వెళ్ళాడు, మనసు ఒక్కొక్క రుజువునూ మళ్ళీ చేతికి అందిస్తోంది, ఇదిగో ఇది పట్టుకో, ఇదిగో ఇది ఉంది కదా అని. దొంగ ఎవరో తేలిపోయాక కూడా ఇంకో దొంగ కావాలంటోంది. నిరోషకు తన మీద తనకే అసహ్యం వేసింది, భయం కూడా వేసింది, ఎందుకంటే ఆ రుజువులు ఇప్పటికీ ఆమెకు నిజాల్లాగే కనిపిస్తున్నాయి.

తాడ్వాయి దగ్గర సిగ్నల్ గట్టిపడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏమీ ముట్టకుండా కూర్చుంది, తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసింది డేటాబేస్‌ను, జీ ఏ ఎన్ జీ తో మొదలయ్యే తండ్రులెందరు. ఇరవై ఆరు వేల నాలుగొందల పదకొండు. తెల్లవారుజామున మార్కండేయ చేసిందేమిటో కూడా చూసింది, ఫలితాల రోజు ఏటా చేసేదే, ఉన్నదంతా ఇంకోచోట నకలు తీసి భద్రపరచడం, అంతే. టీ బండి మనిషి సంగతి మాత్రం సర్వర్‌కు తెలియదు. పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు కలిపి కొత్త సూచిక కట్టాలి, పాత మిషనులో చోటు చాలదన్న మాట తనదే, ఆ మాటా ఎన్నడూ కొలిచి చూడలేదు, కొలిస్తే సరిపడా ఉంది. కట్టేటప్పుడు మాత్రం నాలుగైదు నిమిషాలు సైటు మొత్తం ఆపాలి, జాతర నడిమధ్యలో, అంత పని యజమానికి చెప్పకుండా చేయకూడదు.

"సార్, మార్కండేయ అన్న కాదు. నేను. తండ్రి పేరు కాడ నేను కట్టిందే తప్పు. బయటోళ్ళు దొంగలు కాదు, పిల్లల తండ్రులు. ఐదు నిమిషాలు ఆపి సరిచేస్త, మళ్ళ తెరుస్త."

లింబాద్రి సార్ గొంతు తగ్గించాడు.

"నిరోషా, ఇప్పుడు మంచిగ నడుస్తున్నదా లేదా?"

"నడుస్తున్నది సార్."

"అయితే ముట్టకు. ఆ మస్కటోళ్ళు రేపు చూసుకుంటరు. ఈ మాట నీకు తెలుసు, నాకు తెలుసు, ఇక్కడనే ఉండనియ్యి. మార్కండేయ ఎట్లనూ పోయిండు. ఇగ పెద్ద సీటు నీదే."

ఎంత సుళువు. ఎవరికీ తెలియదు, తెలిసినవాడు తాళంచెవి పెట్టి వెళ్ళిపోయాడు, సైటు పరుగెత్తుతోంది, శభాష్ అన్న మెసేజీ ఫోన్లో భద్రంగా ఉంది. పక్కన దేవవ్వ ఫోన్లో మొగుడికి ధైర్యం చెబుతోంది, ఇక్కడ ఒక పిల్ల చూస్తనన్నది, ఆమె చేతులనే ఉన్నదట, నువ్వైతే పక్కకు పోకు, లైన్ల జాగ పోతది, నిలబడు అంటోంది. నిరోష సరే సార్ అనలేదు. వద్దు సార్ అని కూడా అనలేదు. ఫోన్ పెట్టేసి సైటు ఆపింది. ఆపే ముందు కొట్టినదాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుంది, మార్కండేయ పేరు తీసేసినప్పుడు ఒక్కసారీ చదువుకోలేదు. కొత్త సూచిక కట్టమని చెప్పి గడియారం చూసింది, మొదటి నిమిషం, రెండో నిమిషం, లింబాద్రి సార్ ఫోన్ మోగింది, మోగనిచ్చింది, మూడో నిమిషంలో మళ్ళీ మోగింది, నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు అయింది. సైటు తెరిచింది, బయటి దారులన్నీ తెరిచింది, జాబితాలో మార్కండేయ పేరు మళ్ళీ రాసింది. వెంటనే మస్కట్, దుబాయి, దోహా వరదలా వచ్చి పడ్డాయి, పడినవి పడినట్టే జవాబు తీసుకుని వెళ్ళిపోతున్నాయి, ఒక్కటీ ఆగలేదు. కామారెడ్డి పొలిమేరలో దేవవ్వ ఫోను మోగింది. ఆమె విన్నది, విని ఏమీ అనకుండా నిరోష తల మీద చెయ్యి పెట్టింది, అజయ్ పాసయ్యాడు. ఆ చెయ్యి బరువుకు నిరోషకు ఏడుపు వచ్చింది. నేనే ఆపిన అక్కా, నేనే అడ్డం పెట్టిన అంది, దేవవ్వకు అది అర్థం కాలేదు, అర్థం కాకపోయినా తలూపి తునికాకు కట్ట సీటు కిందనుంచి లాక్కుంది.

కామారెడ్డి బస్టాండులో దిగి నీడకు కూడా పోకుండా ఎండలోనే నిలబడి మార్కండేయకు ఫోన్ చేసింది. ఎత్తడనుకుంది. రెండో రింగుకే ఎత్తాడు. వెనక బస్సు హారన్, గాలి, నిజామాబాద్ రోడ్డు మీద ఉన్నట్టున్నాడు.

"చెప్పు చెల్లె."

"అన్నా, తప్పు నాది. నాలుగక్షరాలది. ఇప్పుడే సరిచేసిన."

"మంచిగైంది. నాకు కూడ అప్పుడే సమజైంది. నువ్వు ఫోన్ చేసి మూసేద్దామంటివి చూడు, పది నిమిషాలియ్యి అంటి గద. పేర్లు చూస్తనే ఉన్న."

అంటే అతనికి తెలుసు, తెలిసే తల దించుకుని నిలబడ్డాడు, తెలిసే తాళంచెవి పెట్టి మెట్లు దిగాడు. మరి సార్‌కు ఎందుకు చెప్పలే అన్నా, ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద అంది నిరోష.

"ఎవరు చేసిండ్రని అడిగిండు చెల్లె. ఏమైందని అడిగితే చెప్పెటోన్ని."

ఏమైందని తనూ అడగలేదు. మూడేళ్ళు పక్కన కూర్చుని, ఆ ఒక్క ముక్కే అతని దగ్గర నేర్చుకుని, అవసరమైన పూట నోట్లోకి రాలేదు. లింబాద్రి సార్ నంబరు ఇంకో పక్క మోగుతూనే ఉంది, ఆఫీసు ఇక్కడికి నడిచిపోయేంత దూరం, సదాశివనగర్ మీదుగా పోయే నిజామాబాద్ బస్సు ప్లాట్‌ఫారం మీద బయల్దేరడానికి సిద్ధంగా ఉంది, నిరోష దాని వైపు నడిచింది.

"సదాశివనగర్ వస్తున్న అన్నా. మీ ఇంటికి."

మూడేళ్ళలో ఎన్నడూ ఆమెను ఎందుకని అడగని మనిషి, చెల్లె అని కూడా అనకుండా, ఆచితూచి అడిగాడు.

"ఎందుకు?"